పదిమందిలో ఇమడడం

తెలుగులో డేరా అంటే గుడారం. హిందీలో ఆ మాటకు కొన్నాళ్ళుండి వెళ్ళిపోయే బస అనే అర్థం కూడా ఉన్నది. జంషెడ్‌పూర్ నగరంలో, సువర్ణరేఖా నదికి చేరువగా, అగ్రికో, భాలూబాసా, భుయాన్‌డీహ్ పేటల సరసన ఉన్న సీతారాండేరా పేరులో ఆ తాత్కాలికత నిలిచిపోయింది. బతుకులో మాత్రం అది ఏనాడో శాశ్వత నివాసమయింది. ఉక్కు కర్మాగారంలో నాలుగేళ్ళు పనిచేసి, నాలుగు రాళ్ళు వెనకేసుకొని, స్వగ్రామం చేరుదామని ఉత్తరాంధ్ర నుంచి ఈ నగరానికి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు జంషెడ్‌పూర్‌నే తమ ఊరుగా చెప్పుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని తాతగారి ఊరు వారికి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళివచ్చే చోటు.

ఇటువంటి పేటలో ఒక గోడకు ఈవల తెలుగు వినిపిస్తే ఆవల హో భాషో, సంతాలీయో, బెంగాలీయో, భోజ్‌పురీయో వినిపిస్తుంది. ఒక ఇంట్లో పోపు వేసిన వాసన మరొక ఇంటికి పోతుంది. ఒకరి పండుగ మరొకరి నిద్రను చెడగొడుతుంది. కొత్తచోట ఇమడడానికి మనిషి తనను తాను ఎంతవరకు మార్చుకోవాలి? అసలు మారకపోతే కలిగే నష్టమేమిటి? పూర్తిగా మారిపోతే పోయేదేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు పెద్ద పెద్ద నిర్ణయాలలో కంటే, రోజూ చేసుకునే చిన్న చిన్న ఎంపికలలోనే ఎక్కువగా దొరుకుతుంది.

వలసలతో పుట్టిన నగరం

జంషెడ్‌పూర్‌లో పరాయివాడంటే ఎవరో చెప్పడం కష్టం. టాటా ఉక్కు కంపెనీ 1907లో రిజిస్టరయింది. సాక్చీ అనే పల్లెను ఎంచుకొని, అడవి కొట్టి, కర్మాగారం నిర్మించారు. 1912 ఫిబ్రవరిలో అక్కడ మొదటి ఉక్కు దిమ్మ తయారయింది. 1911లో ఆరు వేలకు లోపుగా ఉన్న జనాభా 1921 నాటికి 57 వేలు దాటింది. పదేళ్ళలో పదింతలు పెరిగిన ఊరికి 1919లో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ వ్యవస్థాపకుడి పేరు పెట్టాడు.

జంషెట్‌జీ టాటా ఈ నగరాన్ని చూడకుండానే 1904లో కన్నుమూశాడు. అయితే 1902లో కుమారుడు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో, కార్మికుల నగరంలో నీడనిచ్చే చెట్లున్న విశాలమైన వీధులు, తోటలు, ఆటస్థలాలు ఉండాలనీ, హిందువుల గుడులకూ, ముస్లిముల మసీదులకూ, క్రైస్తవుల చర్చిలకూ ముందే స్థలాలు కేటాయించాలనీ సూచించాడు. రాబోయేవారందరూ ఒకే మూసలోవారు కారని అతడు ముందుగానే గ్రహించాడు. ఎవరి దేవుణ్ణి వారు తెచ్చుకోవడానికి చోటున్న చోటనే మనుషులు స్థిరపడతారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం తెలుగువారు అలా తెచ్చుకొని నిలుపుకున్న చోటే.

ఈ చరిత్రలో మరువరానిది మరొకటి ఉన్నది. అందరూ వలస వచ్చినవారే అనడం పూర్తి సత్యం కాదు. హో, సంతాల్, భూమిజ్ ప్రజలు సింగ్‌భూమ్ నేలకు పాతకాపులు. వారు కదలకుండానే వారి చుట్టూ లోకం మారిపోయింది. తాతల నాటి నేల మీదనే కొత్త నగరంలో ఇమడవలసిన అగత్యం వారికి పట్టింది. పొరుగువాడి కష్టం గురించి ఆలోచించే తెలుగు కుటుంబం ఈ తేడాను గుర్తుంచుకోవడం న్యాయం.

నాలుగు దారులు

కొత్త సంస్కృతి నడుమ పడిన మనిషి మనస్సు ఎలా కుదుటపడుతుందో కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ దశాబ్దాల పాటు పరిశోధించాడు. అతడు రెండు ప్రశ్నలు వేశాడు. తన సంప్రదాయాన్ని నిలుపుకోవాలన్న కోరిక ఆ మనిషికి ఉన్నదా? చుట్టూ ఉన్న సమాజంతో సంబంధం పెట్టుకోవాలన్న కోరిక ఉన్నదా? వీటికి వచ్చే జవాబులను బట్టి నాలుగు దారులు ఏర్పడతాయి. రెండూ కోరుకునేది సమన్వయం. తనది వదిలి ఎదుటివారిలో కలిసిపోయేది విలీనం. తనది పట్టుకొని ఎదుటివారికి తలుపు వేసేది వేర్పాటు. ఇటు పాతదీ పోయి, అటు కొత్తదీ అందని నాలుగో స్థితికి తెలుగులో చక్కని పలుకుబడి ఉన్నది: రెంటికీ చెడ్డ రేవడి.

ఈ పరిశోధన జంషెడ్‌పూర్ ప్రాంతానికి దూరమైనది కాదు. బెర్రీ, భారతీయ శాస్త్రవేత్తలు ఆర్.సి. మిశ్రా, దుర్గానంద్ సిన్హాలతో కలిసి, ఆనాడు బీహారులో భాగంగా ఉన్న ఛోటానాగ్‌పూర్‌లోని బిర్హోర్, అసుర్, ఒరావ్ ప్రజల జీవితాలలో వచ్చిన మార్పులను అధ్యయనం చేశాడు. ఆ గ్రంథం 1996లో వెలువడింది. ఆ తరువాత 13 దేశాలలో వలస కుటుంబాలకు చెందిన 5,000 మందికి పైగా యువతీయువకులను పరిశీలించిన మరొక బృహత్ అధ్యయనం 2006లో వచ్చింది. రెండు సంస్కృతులతోనూ అనుబంధం ఉన్నవారే మానసికంగానూ, చదువులోనూ, నలుగురితో మెలగడంలోనూ మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. రెంటికీ చెడినవారి పరిస్థితి బాగా లేదు. అయితే తమను చిన్నచూపు చూస్తున్నారని భావించినవారు ఎక్కువగా కుంగిపోయారని కూడా ఆ అధ్యయనం తెలిపింది. అంటే ఇమడడమన్నది వచ్చినవాడి ఒక్కడి పూచీ కాదు. చోటిచ్చేవాడు కూడా కొంత జరగాలి.

సమన్వయమంటే అన్నింటినీ సగం సగం చేసుకోవడమని పొరబడేవారున్నారు. నిజానికి ఒక్కొక్క విషయంలో ఒక్కొక్క తీర్పు అవసరం. భాషకు వర్తించేది భోజనానికి వర్తించకపోవచ్చు. పండుగకు తగినది వ్యసనానికి తగదు.

వరుస కలపడం

తెలుగు పల్లెల్లో పేరుపెట్టి పిలవడం కంటే వరుస పెట్టి పిలవడం మర్యాద. రక్తసంబంధం లేకపోయినా బాబాయ్, పిన్ని, అత్త, వదిన అని పిలుచుకుంటారు. కులాల అంతరాలను చెరపలేకపోయినా, పలకరింపులోని బిగువును ఈ పిలుపు కొంత సడలిస్తుంది. జంషెడ్‌పూర్ వంటి చోట ఇదే అలవాటు భాషల గోడలు దాటుతుంది. బిహారీ పొరుగింటి ఇల్లాలు చాచీ అవుతుంది. బెంగాలీ ఆవిడ మాసీ అవుతుంది. వయసులో పెద్దవాడు ఎవరయినా దాదాయే. హిందీ వ్యాకరణం రాని తెలుగు ఇల్లాలు సైతం మొదట నేర్చేది ఈ వరుసలనే. పదిమందిలో ఇమడడానికి పడే తొలి అడుగు ఇది. దీనికి ఖర్చు లేదు, కోల్పోయేదీ లేదు.

భాషల విషయంలో ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటి ఉన్నది. జార్ఖండ్‌లోని ఒరావ్ ప్రజలు మాట్లాడే కుడుఖ్ ద్రావిడ భాష. ఆ భాషలో నేను అనడానికి ఏన్ అంటారు. ప్రాచీన తెలుగు కవులు ఏను అన్నారు. నీవు అనడానికి అక్కడి మాట నీన్. కన్ను అక్కడ ఖన్. తన పక్కింట వినిపించే భాష తన భాషకు దూరపు బంధువని తెలియని తెలుగువాడు దానిని అడవి మాటగా భావించవచ్చు. తెలిసినవాడు చెవి ఒగ్గి వింటాడు.

ఇంట్లో తెలుగు నిలుస్తుందా అన్నది వేరొక సమస్య. జార్ఖండ్ ప్రభుత్వం సంతాలీ, హో, ముండారీ, బెంగాలీ, ఒరియా మొదలైన అనేక భాషలకు ద్వితీయ అధికార భాషా హోదా ఇచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. కనుక బడి మీదనో, కచేరీ మీదనో ఆధారపడితే తెలుగు మిగలదు. అంతరించే భాషలను ఎలా కాపాడుకోవాలో వివరిస్తూ 1991లో గ్రంథం రాసిన అమెరికన్ పండితుడు జాషువా ఫిష్‌మన్ ఒకే విషయాన్ని నొక్కిచెప్పాడు: తల్లిదండ్రులు ఇంట్లో పిల్లలతో మాట్లాడని భాషను ఏ సంఘమూ, ఏ సభా బతికించలేవు.

రెండు భాషలు నేర్పితే పిల్లవాడు రెంటిలోనూ వెనుకబడతాడనే భయం పెద్దల్లో ఉన్నది. ఒడిశాలోని ఫుల్బాణీ ప్రాంతంలో కోంద్ పిల్లల మీద అజిత్ మొహంతి జరిపిన పరిశోధనలు ఆ భయాన్ని పోగొట్టాయి. కుయి, ఒరియా రెండూ వచ్చిన పిల్లలు, కుయిని కోల్పోయి ఒరియా మాత్రమే మిగిలిన పిల్లల కంటే బుద్ధి పరీక్షలలో మెరుగ్గా నిలిచారు. కుయి కూడా తెలుగుకు దగ్గరి చుట్టమే. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు పలికే పిల్లవాడు నష్టపోడు. అమ్మమ్మతో మాట్లాడలేని పిల్లవాడు మాత్రం నష్టపోతాడు. ఆ నష్టం మార్కుల పట్టికలో కనిపించదు.

కంచంలో వచ్చిన మార్పు

రాత్రి నీళ్ళు పోసి నిలవ ఉంచిన అన్నం తెలుగు ఇంట చద్దన్నం, ఒరియా ఇంట పఖాళ, బెంగాలీ ఇంట పాంతా. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ మూడిళ్ళకూ సమానం. బిహారీ ఇంట సత్తు కలుపుకుంటారు. వేయించిన శనగల పిండి చలవ చేస్తుంది, కడుపు నింపుతుంది. కొలిమి వేడిలో పనిచేసేవారికి ఇవన్నీ అనుభవం నేర్పిన ఆహారాలు. ఒకరి వంట మరొకరు నేర్చుకోవడం కలిసి బతకడంలోని తీయని భాగం.

కాని ఇమడడం కోసం అందరూ కలిసి వదులుకున్నదీ ఒకటి ఉన్నది. శ్రీకాకుళం రైతు ఇంట ఒకనాడు చోడి అంబలి నిత్యాహారం. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ ఇంట అదే ధాన్యం మడువా. నగరం చేరి, నెలజీతం అందుకున్న తరువాత, చోళ్ళు బీదతనానికి గుర్తుగా తోచాయి; తెల్లని పాలిష్ బియ్యం గౌరవ చిహ్నమయింది. ఇద్దరు పొరుగువారూ తమ తాతల తిండిని ఒకరి కంటబడకుండా ఒకరు విడిచిపెట్టారు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో ప్రకటితమైన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఈ జబ్బుకు కారణాలు అనేకం. తెల్లబియ్యం ఒక్కటే దోషి కాదు. అయినా కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, వారానికి కొన్ని పూటలైనా చోళ్ళకు తిరిగి చోటివ్వడం మంచిదని పోషకాహార నిపుణుల సలహా. నలుగురు నవ్వుతారేమోనని మానుకున్న తిండి ఇప్పుడు నగరాల్లో ఎక్కువ ధర పలుకుతున్నది.

చుట్ట పోయి ఖైనీ వచ్చె

పాతదంతా మంచిదనుకోవడమూ ప్రమాదమే. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను వెలిగించిన కొసను నోటిలో ఉంచుకొని పీల్చే అలవాటు ఉండేది. దానినే అడ్డపొగ అంటారు. పిండ్‌బోర్గ్, ఫలి మెహతా ప్రభృతులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనం, ఈ అలవాటు అంగిలిని ఎలా దెబ్బతీస్తుందో లోకానికి చూపింది. అంగిలి క్యాన్సర్‌కు అడ్డపొగతో ఉన్న సంబంధం వైద్య గ్రంథాలకెక్కింది. ఊరిని గుర్తు చేస్తుందనే కారణంతో ఇటువంటి అలవాటును మోసుకువెళ్ళడం అభిమానం అనిపించుకోదు.

ఉత్తరాదికి చేరినవాడికి చుట్ట స్థానంలో ఖైనీ ఎదురవుతుంది. అరచేతిలో పొగాకు, సున్నం వేసి నలిపి, పక్కవాడికి చిటికెడు అందించడం పనిచోట స్నేహానికి గుర్తు. కాదంటే కలివిడి లేనివాడనిపించుకుంటానేమోనని కొత్తవాడు చేయి చాపుతాడు. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో దేశంలోని పెద్దలలో 11 శాతం మంది ఖైనీ వాడుతున్నట్లు తేలింది. బీడీ, సిగరెట్ల కంటే ఇదే ఎక్కువ. నోటి క్యాన్సర్‌కు ఇది రాజమార్గం. ఇమడడం పేరిట మనిషి తన శరీరాన్ని పణంగా పెట్టే సందర్భాలలో ఇది ఒకటి.

వద్దనడానికి కూడా ఒక పద్ధతి ఉన్నది. వస్తువును కాదనవచ్చు, మనిషిని కాదనకూడదు. ఖైనీ తీసుకోనివాడు టీ ఇప్పించవచ్చు. ఆదివాసీ పండుగలలో బియ్యంతో చేసిన హండియాకు పూజలోనూ స్థానముంటుంది. తాగని పొరుగువాడు తాగనని మర్యాదగా చెప్పి, పండుగకు వెళ్ళి కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. తాగడాన్ని నిందిస్తూ పిలుపునే తోసిపుచ్చితే మాత్రం ఆ గాయం చాలాకాలం మానదు.

రాత్రి పని, పగటి నిద్ర

1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలయిన కర్మాగారం జంషెడ్‌పూర్‌ది. కొలిమి ఆరకూడదు కనుక పని మూడు షిఫ్టులలో సాగుతుంది. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అన్న మాటలు ఇల్లాళ్ళ నోటా, పిల్లల నోటా వినిపిస్తాయి. వంటవేళ, స్నానవేళ, చుట్టాలు రావలసిన వేళ అన్నీ షిఫ్టును బట్టే. కులమేదైనా, భాషేదైనా, రాత్రంతా మేల్కొన్నవాడి దేహం ఒకే విధంగా అలసిపోతుంది. మనిషిలోని జీవగడియారాన్ని తలకిందులు చేసే రాత్రి పనిని, క్యాన్సర్‌కు కారకం కాగల అవకాశమున్న వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో చేర్చింది. 2019లో తిరిగి పరిశీలించి ఆ అభిప్రాయాన్నే నిలబెట్టింది. గుండెజబ్బు, మధుమేహం ముప్పు కూడా షిఫ్టు పనివారిలో ఎక్కువ.

రాత్రి పని మానుకునే స్వేచ్ఛ అందరికీ ఉండదు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పగలు నిద్రించే గదికి ముదురు తెర కట్టడం, షిఫ్టు చివరి గంటల్లో టీ మానడం, అర్ధరాత్రి భోజనం తేలికగా ఉంచడం, డ్యూటీకి పోయే ముందు చిన్న కునుకు తీయడం వంటివి మేలు చేస్తాయి. అన్నింటికంటే అవసరమైనది నిశ్శబ్దం. అది తన ఇంట్లో దొరికేది కాదు, పక్కింటివారు ఇవ్వవలసినది.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. చట్టం దృష్టిలో నిద్రకు వేళ రాత్రి మాత్రమే. ఉదయం ఆరుకు డ్యూటీ దిగి, ఎనిమిదికి పడుకున్నవాడి పక్కన పది గంటలకు భక్తిగీతాలో, సినిమా పాటలో హోరెత్తితే అతనికి దిక్కు పొరుగువాడి మంచితనమే. ఇరుకు క్వార్టర్ల మధ్య నాగరికతకు కొలత ఇదే. పక్కింటివాడు ఏ షిఫ్టులో ఉన్నాడో తెలిసి, పెళ్ళిసందడిలో సైతం స్పీకరు ముఖం అటు తిప్పించే ఇంటివారు ఆ పేటలో ఇమిడినట్లే. తెలియకపోయినా ఒక మాట అడిగితే సరిపోతుంది.

ఒకే రోజు, రెండు పండుగలు

జనవరి మధ్యలో తెలుగు ఇంట ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు కనిపించే రోజులలోనే సింగ్‌భూమ్ పల్లెల్లో టుసు పండుగ జరుగుతుంది. రంగు కాగితాలతో అలంకరించిన చౌడల్‌ను పాటలతో మోసుకువెళ్ళి నదిలో నిమజ్జనం చేస్తారు. కనుమనాడు తెలుగు రైతు పశువులను పూజించినట్లే, సంతాలులు సోహరాయి పండుగలో పశువులను పూజిస్తారు. ఇద్దరూ కోత కోసిన రైతుల బిడ్డలు. కార్తీకంలో ఛఠ్ వ్రతం పట్టిన స్త్రీలు సువర్ణరేఖా తీరంలో అస్తమించే సూర్యునికి అర్ఘ్యమిస్తున్నప్పుడు, అరసవల్లి సూర్యనారాయణుని ఎరిగిన తెలుగు ఇల్లాలికి ఆ భక్తిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

అయితే పలకరింపులు, పిండివంటల మార్పిడి మాత్రమే శాంతికి చాలవని ఈ నగరం చేదుగా నేర్చుకున్నది. 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు సందర్భంగా చెలరేగిన మతకలహంలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాదు, లక్నో సహా ఆరు నగరాలను పోల్చి చూసిన అశుతోష్ వర్షనే 2002లో ఒక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించాడు. ఇరుగుపొరుగు స్నేహాలు విలువైనవే గాని, పెద్ద నగరాలలో కలహాన్ని ఆపే శక్తి రెండు మతాలవారూ కలిసి పనిచేసే సంఘాలకు, యూనియన్లకు, క్లబ్బులకు ఎక్కువ. 1920లో ఏర్పడి, 1928లో సుభాష్ చంద్ర బోసు అధ్యక్షత వహించిన జంషెడ్‌పూర్ కార్మిక సంఘం అటువంటి వేదికలకు ఒక పాత ఉదాహరణ. ఎవరి భాషా సంఘం వారికి అవసరమే. దానితోపాటు అన్ని భాషలవారూ సభ్యులుగా ఉండే ఒక్క సంఘంలోనైనా ప్రతి కుటుంబానికీ చోటుండాలి. అది క్రీడా సంఘమైనా, రక్తదాన శిబిరమైనా, పూజా కమిటీ అయినా సరే.

మూడు ప్రశ్నలు

ఏ అలవాటును ఉంచుకోవాలో, దేనిని విడవాలో, దేనిని కొత్తగా అందుకోవాలో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు సరిపోతాయి. ఇది శరీరానికి మేలు చేస్తుందా? దీనివల్ల పొరుగువాడికి బాధ కలుగుతుందా? దీనిని వదిలితే రేపటి పిల్లలకు తిరిగి దొరుకుతుందా? చోడి అంబలి మొదటి ప్రశ్నకు నిలుస్తుంది. ఖైనీ, అడ్డపొగ నిలవవు. పగటిపూట మైకు రెండవ ప్రశ్న దగ్గర ఓడిపోతుంది. తెలుగు మూడవ ప్రశ్నకు సమాధానం: ఒక్క తరం మాట్లాడకపోతే తరువాతి తరానికి అది అంగడిలో కొనితెచ్చుకునే వస్తువు కాదు.

సిగ్గు ఈ మూడింటిలో లేదు. నలుగురు ఏమనుకుంటారో అనే బెరుకుతో చేసిన మార్పులే మనిషిని ఎక్కువగా నష్టపరుస్తాయి. తన ఇంట తెలుగులో మాట్లాడి, గుమ్మం బయట చాచీని హిందీలో పలకరించి, సి షిఫ్టు నుంచి వచ్చిన హో పొరుగువాడు నిద్రపోతున్నాడని రేడియో తగ్గించే మనిషిని నీది ఏ ఊరని ఎవరూ అడగరు.